ముక్కు పైకి, ట్యాబ్ కిందికి: సొంత విమానానికి ఎలక్ట్రిక్ ట్రిమ్

ఎలివేటర్ రివెట్ల గురించి రాసినప్పట్నుంచీ వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ట్రిమ్ మీదే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

విమానాలతో పరిచయం లేనివారి కోసం ముందుగా కొంచెం. వేగం మారినా, పెట్రోలు తగ్గినా, రెక్కల వెనకుండే ఫ్లాపులు దించినా, విమానాన్ని నడిపే స్టిక్ పట్టుకున్న చేతికి బరువు తెలుస్తుంది. కాసేపు లాగి పట్టుకోవచ్చు గానీ రెండు గంటల ప్రయాణమంతా లాగి పట్టుకుంటే భుజం పడిపోతుంది. ఆ బరువును తీసేసేది ట్రిమ్. తోక దగ్గర పైకీ కిందికీ ఊగే ఎలివేటర్ వెనక అంచున జానెడు వెడల్పు కూడా లేని రేకు ముక్క ఒకటి ఉంటుంది. అదే ట్రిమ్ ట్యాబ్. దాన్ని కేబుల్‌తో తిప్పితే మాన్యువల్ ట్రిమ్, చిన్న మోటారుతో తిప్పితే ఎలక్ట్రిక్ ట్రిమ్.

ప్రశ్న: అక్కా, వ్యాన్స్ కంపెనీ కిట్టు విమానం ఆర్‌వీ-7 తోక కిట్టు ఆర్డరు పెడుతున్నాను. ట్రిమ్ మాన్యువలా, ఎలక్ట్రికా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలట. మా హ్యాంగర్‌లో పెద్దవాళ్లు మాన్యువలే మేలంటున్నారు, ఈతరం వాళ్లు ఎలక్ట్రిక్ అంటున్నారు. మీరేమంటారు?
— ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: పెద్దవాళ్లు ఊరికే అనడం లేదు తమ్ముడూ. మాన్యువల్ ట్రిమ్‌లో కాక్‌పిట్‌లోని నాబ్ నుంచి ట్యాబ్ దాకా ఒకటే కేబుల్. బ్యాటరీ అయిపోయినా, ఆల్టర్నేటర్ ఆగిపోయినా అది పనిచేస్తుంది. మీ చెయ్యి తిప్పితే తప్ప దానంతటది కదలదు. ఈ చివరి గుణం చాలా విలువైనది, దాన్ని తేలిగ్గా తీసేయొద్దు.

ఎలక్ట్రిక్ వైపు చెప్పుకోవాల్సినవీ ఉన్నాయి. ఆర్‌వీ-7లో సర్వో, అంటే ట్యాబ్‌ను తిప్పే ఆ చిన్న మోటారు, ఎడమ ఎలివేటర్ లోపలే కూర్చుంటుంది. కింద తలుపులాంటి కవర్ ప్లేటుకే దాని బ్రాకెట్లు రివెట్ చేస్తారు. కొన్ని స్క్రూలు విప్పితే సర్వోతో సహా ప్లేటు చేతిలోకొస్తుంది. తోక నుంచి కాక్‌పిట్ దాకా బిరుసు కేబుల్‌ను వంపులు లేకుండా లాగే బాధ ఉండదు, సన్నటి తీగల కట్ట ఒక్కటి పోతే చాలు. సర్వో బరువు వంద గ్రాముల పైచిలుకు. చెయ్యి స్టిక్ మీద ఉండగానే బొటనవేలితో ట్రిమ్ చేసుకోవచ్చు. ముఖ్యంగా గో-అరౌండ్ చేసేటప్పుడు, అంటే దిగబోయి మళ్లీ పైకి లేచేటప్పుడు, థ్రాటిల్, ఫ్లాపులు, రేడియో అన్నీ ఒక్కసారే మీద పడతాయి, అప్పుడు ఈ సౌకర్యం ఎంతో తెలుస్తుంది. రేపు ఆటోపైలట్ పెడితే, కొన్ని వ్యవస్థలు ట్రిమ్ మోటారును కూడా తామే నడుపుతాయి.

అదే కంపెనీ పెద్ద నమూనా ఆర్‌వీ-10కి మొదట్నుంచీ ఎలక్ట్రిక్ ట్రిమ్మే. అందులో సర్వో తోక భాగంలో ఉండి, రెండు ఎలివేటర్ల ట్యాబులనూ కేబుళ్లతో కదిలిస్తుంది. కాబట్టి ఇది ప్రయోగంలో ఉన్న వస్తువేమీ కాదు.

నా మాట: ఎలక్ట్రిక్కే పెట్టండి. కానీ ఒక షరతు. ఆ మోటారు మీరు చెప్పకుండా తిరగడం మొదలుపెడితే ఏ వేలితో, ఏ స్విచ్‌తో, ఎన్ని క్షణాల్లో ఆపుతారో కాగితం మీద గీసుకున్నాకే ఆర్డరు పెట్టండి. ఆ బొమ్మ గీసే ఓపిక లేకపోతే మాన్యువల్ తీసుకోండి. అది కూడా మంచి విమానమే అవుతుంది.

ప్రశ్న: మేడమ్, సర్వో నుంచి ఐదు తీగలు వస్తున్నాయి. రెండు తెల్లవి, ఒకటి నారింజ, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. తెల్లవాటిలో ప్లస్ ఏదో, మైనస్ ఏదో గుర్తు లేదు. ఏదో ఒకలా కలిపాను. స్విచ్‌ను ‘ముక్కు పైకి’ వైపు నొక్కితే ట్యాబ్ కిందికి పోతోంది. తెల్ల తీగలు తారుమారు చేయాలా?
— శాన్ హోసే, కాలిఫోర్నియా

జవాబు: వద్దండీ, ముట్టుకోవద్దు. మీరు కలిపింది సరిగ్గానే ఉంది.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. ట్యాబ్ కిందికి వంగితే గాలి దాన్ని పైకి తోస్తుంది. దాంతో పాటు ఎలివేటర్ వెనక అంచు కూడా పైకి లేస్తుంది. ఎలివేటర్ పైకి లేస్తే తోక కిందికి దిగి విమానం ముక్కు పైకి లేస్తుంది. అంటే ముక్కు పైకి కావాలంటే ట్యాబ్ కిందికి పోవాలి. హ్యాంగర్‌లో నిలబడి చూస్తే ఇది కంటికి తప్పుగా కనిపిస్తుంది. ‘అరె, రివర్సులో ఉందే’ అని తీగలు మార్చేసి, పూర్తి వ్యతిరేక ట్రిమ్‌తో రన్‌వే మీదికి వెళ్లిన సంగతులు మా బిల్డర్ల సంఘం చాప్టర్ సమావేశాల్లో వింటూనే ఉంటాం. అందుకని నేను టెక్నికల్ కౌన్సిలర్‌గా ఎవరి విమానం చూడటానికి వెళ్లినా ఒకర్ని లోపల కూర్చోబెడతాను. వాళ్లు ‘ముక్కు పైకి’ అని గట్టిగా అని స్విచ్ నొక్కాలి. నేను తోక దగ్గర నిలబడి ‘ట్యాబ్ కిందికి’ అని గట్టిగా అంటాను. తర్వాత రెండో వైపు. రెండు నోళ్లూ ఒకే మాట ఒప్పుకునేదాకా కవర్ ప్లేటు మూయనివ్వను.

ఇక తీగల సంగతి. తెల్లవి రెండూ మోటారువి. వాటికి నిజంగానే ప్లస్, మైనస్ అని లేదు. కరెంటు ఒకవైపు నుంచి పోతే కడ్డీ బయటికి, మరోవైపు నుంచి పోతే లోపలికి. రంగు తీగలు మూడూ సర్వో ఎక్కడుందో చెప్పే సెన్సార్‌వి. లోపల ఉన్నది మామూలు పొటెన్షియోమీటరే, అంటే కదిలేకొద్దీ నిరోధం మారే భాగం. మల్టీమీటరు తీసి నారింజకీ నీలానికీ మధ్య కొలవండి, సర్వో ఎక్కడున్నా 5 కిలో ఓమ్‌ల దరిదాపుల్లో స్థిరంగా చూపిస్తుంది. ఇప్పుడు ఒక కొన ఆకుపచ్చ మీద పెట్టి సర్వో నడపండి, అంకె మారుతూ పోతుంది. మధ్యలో ఎక్కడా దూకకుండా మెల్లగా మారాలి. దూకితే ఆ సర్వోను ఇప్పుడే మార్పించుకోండి, ఎలివేటర్ మూసి రంగేశాక కాదు. ప్యానెల్ మీద సూచిక తిరగబడి చూపిస్తుంటే నారింజ, నీలం తీగలు మార్చుకుంటే చాలు. మోటారు తీగల జోలికి పోనక్కర్లేదు.

సర్వోనూ ట్యాబ్‌నూ కలిపే కడ్డీ బిగించే ముందు ఇంకో పని. 9 వోల్టుల చిన్న బ్యాటరీ తెల్ల తీగలకు తగిలించి సర్వోను రెండు చివరలకూ నడిపి చూడండి. చాలామంది సర్వోను సరిగ్గా మధ్యలో ఆపి, ట్యాబ్‌ను ఎలివేటర్‌తో సమానంగా పెట్టి కట్టేస్తారు. డ్రాయింగులో ట్యాబ్ కిందికి ఎంత, పైకి ఎంత వంగాలో డిగ్రీలు ఇచ్చి ఉంటాయి. అవి రెండు వైపులా సమానంగా ఉండాలని లేదు. కాబట్టి ‘మధ్య’ అన్నది మీరు ఊహించుకోకుండా కోణమాపకం పెట్టి ఆ రెండు కొసలూ అందేలా కడ్డీ పొడవు సర్దండి. కడ్డీ మరలు క్లెవిస్‌లోకి (కడ్డీ చివర పిన్ను పట్టే కొక్కెంలోకి) తగినంత లోపలికి పోయిందో లేదో చూసి జామ్ నట్ బిగించండి. క్లెవిస్ పిన్నుకు తాళం పిన్ను తప్పనిసరి.

తీగలు ఎలివేటర్‌లోంచి బయటికొచ్చే చోటు నేను అన్నిటికన్నా ఎక్కువసేపు చూసే చోటు. ఎలివేటర్ రోజంతా ఊగుతుంది, దాని ముందున్న స్టెబిలైజర్ (తోకలోని కదలని అడ్డరెక్క) ఊగదు. ఈ రెంటి మధ్యా తీగలకు వదులుగా ఒక మెలిక ఉండాలి. మరీ వదిలేస్తే ఎలివేటర్‌ను కదిపే చెయ్యిలాంటి హార్న్‌కు తగులుతుంది. బిగుతుగా ఉంటే కొన్నాళ్లకు రాగి పోగులు లోపలే తెగిపోతాయి, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. రేకులో పడిన రంధ్రానికి రబ్బరు గ్రామెట్ వేయండి. అయ్యాక స్టిక్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకరు మెల్లగా కదుపుతుంటే మీరు టార్చిలైటు వేసి ఆ మెలికనే చూడండి. ఎక్కడైనా గీరుకుంటే అప్పటికప్పుడు సర్దండి. సర్వోకు వచ్చే తీగలు చాలా సన్నవి, లాగితే తెగుతాయి. ఎలివేటర్ దాటాక 22 గేజ్ టెఫ్‌జెల్ తీగతో (విమానాల్లో వాడే గట్టి తొడుగు తీగ) కలిపి, ఆ కలిపిన చోటు తలుపు తెరిస్తే చేతికందేలా పెట్టుకోండి.

ప్రశ్న: పక్క సీటు స్టిక్ మీద కూడా ట్రిమ్ బటన్ పెట్టాలా?
— అదే శాన్ హోసే పాఠకుడు

జవాబు: భార్యాభర్తలిద్దరూ పైలట్లయితే పెట్టండి. రెండు స్టిక్‌ల బటన్లు కలిస్తే మధ్యలో రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) తప్పవు. పక్క సీటు బటన్‌ను ఆపేసే స్విచ్ ప్యానెల్ మీద ఒకటి ఉంచండి. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యనో మామయ్యనో పైకి తీసుకెళ్తాం. వాళ్లు హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుంటారు, అది స్టిక్‌ను ఆనుకుంటుంది. అలాంటివారు ఎక్కేటప్పుడు పక్క స్టిక్ తీసి పక్కన పెట్టేయడం ఇంకా మంచిది.

ప్రశ్న: అమ్మా, నేను విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి అమెరికాలో గ్యారేజీలో విమానం కడుతున్నాడు. తోకలో ట్రిమ్ అనే మోటారు పెట్టాడట. ‘దానంతటది తిరిగితే ఎలా?’ అనడిగితే ‘ఒక ఆంపియర్ ఫ్యూజు ఉంది నాన్నా, భయం లేదు’ అన్నాడు. బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు కూలింది కూడా ట్రిమ్ వల్లేనని పేపర్లో చదివాను. వాళ్లమ్మకు నిద్ర పట్టడం లేదు. కాస్త వివరంగా చెప్పండి.
— గుంటూరు

జవాబు: బాబాయిగారూ, నమస్కారం. మీరు అడిగింది ఇక్కడ విమానాలు కట్టేవాళ్లలో చాలామంది అడగని ప్రశ్న.

ముందు మ్యాక్స్ సంగతి, పిన్నిగారి కోసం. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో కూలిన ఆ రెండు విమానాల్లో మొత్తం 346 మంది పోయారు. అందులో ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ ఒకే ఒక్క సెన్సార్ ఇచ్చిన తప్పుడు లెక్కను నమ్మి ముక్కును మళ్లీ మళ్లీ కిందికి తోసింది. అది కదిలించింది తోకలోని అడ్డరెక్క మొత్తాన్ని. దాని బలం ముందు పైలట్లు స్టిక్ ఎంత లాగినా చాలలేదు. మీ అబ్బాయి మోటారు కదిలించేది ఎలివేటర్ చివరనున్న చిన్న రేకును మాత్రమే. దాని వెనక నిర్ణయాలు తీసుకునే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు, వేలు నొక్కితే తిరుగుతుంది. కాబట్టి ఆ రెండూ ఒకటి కావు. ఈ మాట పిన్నిగారికి ధైర్యంగా చెప్పండి.

ఇక ఫ్యూజు. ఇది మీకు నేను చెప్పాల్సింది కాదు, మీ ఉద్యోగమంతా అదే పని. ఫ్యూజు ఎప్పుడు పోతుంది? తీగలు షార్టయినప్పుడు, మోటారు ఇరుక్కుపోయి మామూలుకన్నా ఎక్కువ కరెంటు లాగినప్పుడు. స్విచ్ ఇరుక్కుపోయి లేదా రిలే కాంటాక్టులు అతుక్కుపోయి మోటారు ఆగకుండా తిరుగుతుంటే? అది లాగే కరెంటు రోజూ లాగేదే. ఈ సర్వో మామూలుగా తీసుకునేది ఒక ఆంపియర్‌లో చాలా చిన్న భాగం. ఫ్యూజుకు అందులో తప్పేమీ కనపడదు. ట్యాబ్ కొస దాకా వెళ్లిపోతుంది, ఫ్యూజు చెక్కుచెదరదు. ఫ్యూజు ఉన్నది తీగలు కాలిపోకుండా. ట్రిమ్ పరుగు తీస్తే ఆపడానికి అది పనికిరాదు.

ఆపేది పైలట్ చెయ్యి. అందుకు రెండు దారులు. ఒకటి, లాగితే బయటికొచ్చే సర్క్యూట్ బ్రేకర్. దాని మెడకు ఎర్ర పట్టీ వేసి థ్రాటిల్ పక్కన, చూడకుండానే చేతికందే చోట పెట్టాలి. రెండు, మోటారు కరెంటును కోసేసే ప్రత్యేక స్విచ్. ఇప్పటి కుర్రాళ్లు కార్లలో లాంటి బ్లేడు ఫ్యూజుల పెట్టె ప్యానెల్ వెనక పెడుతున్నారు. బరువు తక్కువ, ఖర్చు తక్కువ, నేను దాన్ని తప్పనను. కానీ గాల్లో వంగి ప్యానెల్ వెనక ఫ్యూజు పీకలేరు కదా. అలాంటప్పుడు ఈ స్విచ్ ఉండి తీరాలి. మోటారు రెండు మూడు సెకన్లకు మించి ఏకబిగిన తిరిగితే తనంతట తనే ఆపేసే చిన్న పరికరాలు కూడా మార్కెట్లో దొరుకుతున్నాయి. మంచివే. కానీ అవి ఉన్నా కోత స్విచ్ మానేయొద్దంటాను.

స్విచ్ కోసేశాక ట్యాబ్ ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. స్టిక్ బరువుగా ఉంటుంది, చేత్తో పట్టుకుని దిగాలి. ఇక్కడ ఒక లెక్క తెలిస్తే భయం సగం పోతుంది. ట్యాబ్ చూపించే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 160 నాట్ల మీద రెండు చేతులూ కావాల్సినంత బరువున్నది 80 నాట్లకు తగ్గితే నాలుగో వంతవుతుంది. అందుకే ముక్కు కిందికి పోయే ట్రిమ్ అయితే వరుస ఇది: స్టిక్ పట్టు, స్విచ్ కొయ్యి, పవర్ తగ్గించు, వేగం తగ్గాక దగ్గరున్న రన్‌వే వెతుక్కో. ముక్కు పైకి పోయే ట్రిమ్ అయితే స్టిక్ ముందుకు తోసి పట్టుకోవాలి. చేతికి బరువైతే రెక్క వాల్చి మలుపు తిప్పితే ముక్కు దిగి ఊపిరి తీసుకునే వెసులుబాటు దొరుకుతుంది.

ఈసారి మీ అబ్బాయి ఫోన్ చేసినప్పుడు ఫ్యూజు ఎన్ని ఆంపియర్లని అడగొద్దు. ‘కళ్లు మూసుకుని కోత స్విచ్ మీద చెయ్యి పెట్టు, ఎంతసేపు పట్టిందో చెప్పు’ అనండి. వీడియో కాల్‌లో చూపించమనండి. మీరు లైన్ ఇన్‌స్పెక్టరు, ఆ పని చూడగలరు.

ప్రశ్న: మేడమ్, ఇంకొకరు కట్టిన ఆర్‌వీ-6 కొన్నాను. మాన్యువల్ ట్రిమ్. దాన్ని తీసి ఎలక్ట్రిక్ పెట్టుకోవాలని ఉంది. నేను బిల్డర్‌ను కాను కదా, చట్టం ఒప్పుకుంటుందా? కాగితాలేమిటి?
— అట్లాంటా శివార్ల నుంచి

జవాబు: పని మీరే చేసుకోవచ్చండీ. అమెరికాలో ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్-బిల్ట్ (సొంతంగా కట్టుకున్న) విమానానికి మరమ్మతులు ఎవరైనా చేయొచ్చు. ఏటా చేసే కండిషన్ ఇన్‌స్పెక్షన్‌కు మాత్రం ఏ అండ్ పీ మెకానిక్ (విమానం బాడీకీ ఇంజనుకూ లైసెన్సు ఉన్న మెకానిక్), ఆ విమానానికి రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఉన్న అసలు బిల్డర్ లాంటి అర్హత ఉన్నవారే సంతకం పెట్టాలి. మీరు కొన్నంత మాత్రాన ఆ సర్టిఫికెట్ మీకు రాదు. బిల్డర్‌తో మాటలున్నాయంటే ఆయన్నే పిలవండి, ఆ ఎలివేటర్ లోపల ఏముందో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

కాగితాల్లో ముఖ్యమైనది మీ విమానంతో పాటు వచ్చిన ఆపరేటింగ్ లిమిటేషన్లు. పెద్ద మార్పు చేస్తే ఎఫ్‌ఎస్‌డీవోకు (విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ వారి స్థానిక కార్యాలయానికి) తెలియజేసి, కనీసం 5 గంటలు మళ్లీ పరీక్షా దశలో ఎగరాలని చాలా విమానాల లిమిటేషన్లలో ఉంటుంది. ట్రిమ్ మార్చడం పెద్ద మార్పా, చిన్న మార్పా అని వాదనలు నడుస్తుంటాయి. నేనైతే కంట్రోల్ సర్ఫేస్ మీద చెయ్యి పెట్టిన ఏ మార్పునైనా పెద్దదిగానే చూస్తాను. ఎఫ్‌ఎస్‌డీవోకు ఫోన్ చేసి అడగండి. వాళ్లు అక్కర్లేదన్నా ఆ 5 గంటలు ఒంటరిగా, ప్యాసింజరు లేకుండా ఎగరండి. బ్రిటన్‌లో ఉండి చదువుతున్నవారికి ఒక మాట: అక్కడ ఎల్‌ఏఏ (లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్) అనుమతి ముందు, స్క్రూడ్రైవర్ తర్వాత.

పాత ఎలివేటర్‌కు సర్వో పెట్టడమంటే రేకులో కొత్త రంధ్రం కోసి, చుట్టూ బలపరిచే పట్టీ వేయాలి. కిట్టు కంపెనీ డ్రాయింగుల్లో ఇచ్చిన కొలతల్నే పాటించండి, మీ ఇంజనీరింగ్ తెలివి అక్కడ వాడొద్దు. సర్వో హింజ్ గీతకు వెనకాల కూర్చుంటుంది. అంటే ఎలివేటర్ వెనక భాగం బరువెక్కుతుంది. ఎలివేటర్ బ్యాలెన్స్ మళ్లీ చూడకుండా ఎగరొద్దు. ముందున్న సీసం బరువు చాలకపోయినా, ట్యాబ్ హింజ్‌లో గానీ కడ్డీలో గానీ వదులున్నా ఫ్లట్టర్ (గాలికి ఎలివేటర్ అదుపు తప్పి వణకడం) రావచ్చు. అది మొదలైతే ఎలివేటర్ ముక్కలు కావడానికి క్షణాలు చాలు. సర్వో కదలకుండా ఉండగా ట్యాబ్ వెనక అంచును రెండు వేళ్లతో పట్టి ఊపండి. టక్ టక్‌మంటే ఆ వదులు ఎక్కడుందో దొరికేదాకా వెతకండి: క్లెవిస్ పిన్నా, హింజ్ పిన్నా, సర్వో లోపలి గేరా. ఏటా ఇన్‌స్పెక్షన్‌లో మొదట చూడాల్సింది కూడా ఇదే.

ఇక గాల్లో పరీక్ష. నేల నుంచి 5,000 అడుగుల ఎత్తుకు వెళ్లండి, కింద ఊరు లేకుండా చూసుకోండి. 80, 90 నాట్ల మధ్య విమానాన్ని నిలకడగా పెట్టి, చేతిబరువు లేకుండా ట్రిమ్ చేయండి. ఇప్పుడు ముక్కు కిందికి ఒక్క సెకను నొక్కండి, వదలండి, స్టిక్ మీద బరువు చూడండి. చేతికి తేలికే అనిపిస్తే ఇంకొక సెకను. అలా కొస దాకా వెళ్లండి. రెండో వైపూ అలాగే. అప్పుడు వేగం 10 నాట్లు పెంచి మొదట్నుంచీ మళ్లీ. ఏదో ఒక వేగం దగ్గర ‘ఇక నా చేతికి ఇంతే’ అనిపిస్తుంది, అక్కడ ఆపేయండి. క్రూజ్ వేగంలో, అంటే నిలకడగా సాగే ప్రయాణ వేగంలో, ట్యాబ్ మరీ చురుగ్గా కదులుతోందనిపిస్తే మోటారు వేగం తగ్గించే కంట్రోలర్ ఒకటి మధ్యలో పెట్టుకోవచ్చు. కొన్నిటికి ఫ్లాపు స్విచ్ కలిపితే ఫ్లాపులు దించినప్పుడు వేగంగా, ఎత్తినప్పుడు నెమ్మదిగా నడుపుతాయి. దిగాక, చేత్తో ఆపగలిగిన ఆఖరి వేగం ఎంతో లాగ్‌బుక్కులో రాసి, అదే అంకెను కోత స్విచ్ పక్కన ప్యానెల్ మీద అంటించండి.